‘అర్థమైందా?’ మానేశాక ఏం అడగాలి: పిల్లల్ని ఆలోచింపజేసే ప్రశ్నలకు మార్గదర్శి

కొన్నేళ్ళ కిందట ఒక రోజు ఫోనులో రికార్డింగ్ ఆన్ చేసి, చొక్కా జేబులో పెట్టుకుని, పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెప్పాను. పాఠం బాగా కుదిరిందనే అనుకున్నాను. పిల్లలు గొంతెత్తి జవాబులు చెప్పారు, గది హోరెత్తిపోయింది. ఆ హోరు సంగతేమిటో రాత్రి ఇంట్లో కూర్చుని విన్నాక గానీ తెలియలేదు. ‘కిరణజన్య సంయోగ...?’ అని నేను తోక వదులుతున్నాను, ‘క్రియ!’ అని నలభై గొంతులు దాన్ని అందుకుంటున్నాయి. ‘ఆకుల్లో పచ్చగా ఉండేది పత్ర...?’ ‘హరితం!’ ‘అర్థమైందా?’ ‘అయ్యిందండీ!’ పీరియడు మొత్తంలో అరవైకి పైగా ప్రశ్నలు అడిగాను. ఒక్క పిల్లవాడు కూడా రెండు వాక్యాలు కలిపి మాట్లాడలేదు.

ఇది మా కోనసీమ బళ్ళకే పట్టిన జబ్బు కాదు. 1970లలో సింక్లెయిర్, కూల్టార్డ్ అనే ఇద్దరు భాషావేత్తలు బ్రిటన్‌లో తరగతి గది మాటల్ని రికార్డు చేసి చూస్తే అక్కడా ఇదే వరస: టీచరు అడుగుతాడు, పిల్లవాడు చెబుతాడు, టీచరు ‘కరెక్టు’ అనో ‘కాదు’ అనో తేల్చేస్తాడు. మళ్ళీ మొదలు. ఈ వరసలో పిల్లవాడి పని ఆలోచించడం కాదు, మాస్టారి బుర్రలో ఉన్న మాట ఏమిటో కనిపెట్టడం.

పైస్థాయి ప్రశ్నలు ఎలా తయారు చేయాలో ట్రైనింగుల్లో చాలా చెబుతారు. జవాబు వచ్చిన మరుక్షణం మనం ఏం చేయాలో మాత్రం చెప్పరు. నా అనుభవంలో మంచి ప్రశ్నలన్నీ చచ్చిపోయేది అక్కడే. అందుకే ఈ వ్యాసంలో ఆ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మిగతావి అక్కడికి చేరడానికి మెట్లు.

1. ముందు మీ పాఠం మీరు వినండి

ఒక్క పీరియడు రికార్డు చేయండి. ఒంటరిగా వినండి, మొదటిసారి పక్క టీచరుని కూర్చోబెట్టుకోకండి, సిగ్గేస్తుంది. విన్నాక చెరిపేయండి, అందులో పిల్లల గొంతులున్నాయి. వినేటప్పుడు కాగితం మీద మూడు లెక్కలు గీయండి: ఎన్ని ప్రశ్నలు అడిగారు, విడిగా ఎంతమంది పిల్లల గొంతులు వినబడ్డాయి, ప్రశ్న ముగిశాక మీరు మళ్ళీ నోరు తెరవడానికి ఎన్ని సెకన్లు పట్టింది. మూడో లెక్క ఎక్కువమందికి ఒకటి దాటదు.

‘అర్థమైందా?’ లను విడిగా లెక్కపెట్టండి. ఆ ప్రశ్నకి ‘కాలేదండీ’ అనే ధైర్యం ఎవరికి ఉంటుంది? అలా అంటే మాస్టారు సరిగ్గా చెప్పలేదన్నట్టు అవుతుంది, పైగా బెల్లు కొట్టే వేళకి పాఠం మళ్ళీ మొదలవుతుంది. దాని బదులు నేను ఇలా అడుగుతున్నాను: ‘దీన్ని ఇంటికెళ్ళి మీ తమ్ముడికి చెప్పాలంటే ఎక్కడ ఆగిపోతావు?’ ఆగిపోయే చోటు ఉంటుందని నేనే ముందు ఒప్పుకున్నాను కాబట్టి వాళ్ళూ ఒప్పుకుంటారు.

చిన్నప్పుడు మనం విన్న భేతాళుడి కథల్లో జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది. బడిలో పిల్లల భయం దీనికి తలకిందులు. చెబితేనే తల పగులుతుందని వాళ్ళ నమ్మకం.

2. రాత్రే రెండు ప్రశ్నలు రాసుకోండి, రెండే

మంచి ప్రశ్న పాఠం మధ్యలో అప్పటికప్పుడు తట్టదు. తట్టేది ‘అర్థమైందా?’ ఒక్కటే. లెసన్ ప్లానులో పీరియడుకి రెండు ప్రశ్నలు, మాటతో సహా, రాసుకోండి. మిగతావి చిన్న ప్రశ్నలే అయినా పర్లేదు. గుర్తు చేయించే ప్రశ్నలు చెడ్డవేమీ కావు. ఏమీ గుర్తులేనివాడు దేని గురించి ఆలోచిస్తాడు?

ప్రశ్నని లోతు చేయడానికి అందరూ బ్లూమ్ నిచ్చెన పట్టుకుంటారు. 1956లో అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం వేసిన ఆ మెట్లని 2001లో సవరించారు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం. పనికొచ్చే నిచ్చెనే. కానీ ‘విశ్లేషించుము’ అనే క్రియ తగిలించినంత మాత్రాన ప్రశ్న పైమెట్టు ఎక్కదు. గైడులో పది లైన్ల జవాబు ఉన్న ‘ఎందుకు’ కూడా బట్టీ ప్రశ్నే. నేను ఒక్క పరీక్ష పెట్టుకుంటాను: దీనికి పిల్లలు ఏం చెబుతారో నాకు ముందే పూర్తిగా తెలుసా? తెలుసంటే అది లోతైన ప్రశ్న కాదు.

మా దగ్గర సాంఘిక శాస్త్రంలో తప్పకుండా వచ్చే ప్రశ్న ‘గోదావరి మీద ఆనకట్ట ఎవరు, ఎప్పుడు కట్టారు?’ కాటన్ దొర, 1847లో మొదలై 1852లో పూర్తి. అయిపోయింది. దాన్ని మా సోషల్ మాస్టారు ఇలా మార్చారు: ‘పాపికొండల దగ్గర నది ఇరుగ్గా ఉంటుంది కదా. అక్కడ కడితే ఆనకట్ట పొడవు తగ్గేది. అంత వెడల్పున్న ధవళేశ్వరం దగ్గర ఎందుకు కట్టాడు?’ ఆ రోజు ఆ క్లాసు నేను వరండాలోంచి విన్నాను. కాలవలు ఇక్కడినుంచి మొదలవ్వాలి కదండీ అన్నారొకరు. అక్కడ లోతెక్కువ అన్నారింకొకరు. ధవళేశ్వరం కొండ రాయి పక్కనే దొరుకుతుంది అన్నది ఆ ఊళ్ళో అమ్మమ్మగారిల్లున్న అమ్మాయి. నది మధ్యలో లంకలున్నాయి కాబట్టి అంత పొడవునా కట్టక్కర్లేదని, అందుకే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉందని మాస్టారు మ్యాపు చూపించారు. అంతలో వెనక నుంచి ఒకడు, ‘మరి పోలవరం కొండల దగ్గరే కడుతున్నారు కదండీ, ఆళ్ళకి తెలీదా?’ అన్నాడు. నీళ్ళు నిలవ చేయడం వేరు, మట్టం కాస్త పెంచి కాలవల్లోకి మళ్ళించడం వేరు అనే మాట ఆ ప్రశ్న లేకపోతే ఆ పీరియడులో వచ్చేదే కాదు.

లెక్కల్లో వరద హెచ్చరికలు వాడుకోవచ్చు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక ఊళ్ళ పిల్లలకి ఈ అంకెలు నోటికి వచ్చు. ‘పొద్దున్న 8 గంటలకి మొదటి హెచ్చరిక ఎగరేశారు. గంటకి పావు అడుగు చొప్పున పెరిగితే మూడోది ఎప్పుడు?’ 6 అడుగులు, 24 గంటలు, మర్నాడు పొద్దున్న 8కి. ఇది లెక్క. ‘గంటకి పావు అడుగే పెరుగుతూ ఉంటుందని ఎలా నమ్ముతారు?’ ఇది ఆలోచన. గట్టెక్కి పరుచుకున్నాక నీళ్ళకి చోటు పెరుగుతుంది, అడుగు పెరగడానికి ఎక్కువ నీళ్ళు కావాలి అని ఎనిమిదో తరగతి పిల్లలే చెబుతారు, వాళ్ళు చూసినదే కాబట్టి.

తెలుగు మాస్టార్లకి సామెతలున్నాయి. ‘నిదానమే ప్రధానం’, ‘ఆలస్యం అమృతం విషం’ రెండూ పక్కపక్కన బోర్డు మీద రాసి, మన పెద్దవాళ్ళు ఏదో ఒకటి తేల్చుకోకుండా రెండూ ఎందుకు చెప్పారని అడిగి చూడండి. ఏది ఎప్పుడు నిజం, ఎవరు ఎవరితో అన్నప్పుడు నిజం అనే దాకా వెళ్తారు.

3. అడిగాక నోరు మూసుకోండి

చెప్పడానికి తేలిక, చేయడానికి ఇదే కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు తరగతుల రికార్డింగులు విని 1970లలో తేల్చిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ ఒకటిని మూడు, అంతకంటే కాస్త ఎక్కువ చేస్తే చాలు: జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి, పిల్లలు తమంతట తాము అడిగే ప్రశ్నలు పెరిగాయి.

ఆగాల్సింది రెండుచోట్ల, రెండోది అందరూ మర్చిపోతారు. ప్రశ్న అడిగాక ఒకసారి, పిల్లవాడు జవాబు చెప్పడం ముగించాక ఇంకోసారి. పిల్లలు మొదటి వాక్యం చెప్పి మన ముఖం చూస్తారు. అప్పుడు మనం మాట్లాడకపోతే ‘ఎందుకంటేనండి...’ అని రెండో వాక్యం వస్తుంది. అసలు సరుకు ఆ రెండో వాక్యంలో ఉంటుంది.

మూడు సెకన్లు చాలా పొడవు. మొదటి వారం నేను మంచినీళ్ళ సీసా మూత తీసి గుక్కెడు తాగి మళ్ళీ మూత పెట్టేవాణ్ణి, అదే నా గడియారం. ఆ సందులో ప్రశ్నని ఇంకో మాటల్లో మళ్ళీ అడగకండి. ఆలోచిస్తున్నవాడు ఆ పని ఆపి కొత్త ప్రశ్న వినాల్సి వస్తుంది. పిల్లలకి సంగతి ముందే చెప్పేయండి: ‘ఇప్పుడు నేను కాసేపు మాట్లాడను, మీరూ మాట్లాడకండి, ఆలోచించండి.’ చెప్పకుండా ఆగితే మాస్టారికి కోపం వచ్చిందనుకుంటారు. ఒకసారి మా హెచ్ఎం గారు వరండాలో వెళ్తూ నిశ్శబ్దంగా ఉన్న క్లాసు చూసి, ఏం పాఠం జరగడం లేదా అని లోపలికి వచ్చారు. ఆయనకీ చెప్పి ఉంచుకోవడం మంచిది.

4. ఎవరు చెప్పాలి

చేతులెత్తినవాళ్ళనే అడిగితే ఏడాది పొడుగునా అయిదుగురితో పాఠం నడుస్తుంది. మిగతా ముప్పై అయిదు మందికి అది సినిమా. బ్రిటన్‌లో డిలన్ విలియం అనే విద్యా పరిశోధకుడు బాగా ప్రచారం చేసిన పద్ధతి ఒకటుంది: చేతులెత్తడం మానిపించి, ఐస్ పుల్లల మీద ఒక్కో పేరు రాసి డబ్బాలో వేసి, ఒకటి లాగడం. నేను వాడుతున్నాను, పనిచేస్తుంది. కానీ వరస ముఖ్యం. ముందు ప్రశ్న, తరవాత మౌనం, ఆ తరవాత పుల్ల. పేరు ముందు పిలిస్తే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుని కిటికీలోంచి కాలవ వంక చూస్తారు.

పుల్లతో ప్రమాదం కూడా ఉంది. మాట తడబడే పిల్లవాణ్ణి నలభై మంది ముందు నిలబెట్టి మరీ అడిగినట్టవుతుంది. మా క్లాసులో ఒక మాట అంగీకారం: ‘ఇంకా ఆలోచిస్తున్నానండి’ అనొచ్చు. కానీ ఇద్దరు మాట్లాడాక నేను మళ్ళీ వాళ్ళ దగ్గరికే వస్తాను, అప్పుడు విన్న రెండింటిలో తనకి ఏది నచ్చిందో, ఎందుకో చెప్పాలి. నిలబడి చెప్పమని నేను అడగను. కూర్చుని చెబితే జవాబు పొడవవుతుంది, కావాలంటే చూడండి.

అంతకంటే మెత్తని దారి, 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ అధ్యాపకుడు పేరు పెట్టిన జంట పద్ధతి: ఒక నిమిషం ఒంటరిగా ఆలోచించు, రెండు నిమిషాలు పక్కవాడితో మాట్లాడు, తరవాత అందరికీ చెప్పు. ఒక సవరణ చేశాను. చెప్పేటప్పుడు తన మాట కాదు, పక్కవాడు అన్నది చెప్పాలి. దాంతో వినడం తప్పనిసరి, పైగా తప్పయినా అది తన తప్పు కాదు కాబట్టి టెన్షన్ సగం తగ్గుతుంది.

5. జవాబు వచ్చింది. ఇప్పుడేం చేస్తారు?

ఒకే ప్రశ్నని నేను రెండు సెక్షన్లలో అడిగిన కథ చెబుతాను. ప్రశ్న ఇది: ‘రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు పగటికంటే రాత్రి ఎక్కువసేపు ఎందుకు తిప్పుతారు?’ మా పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో చెరువులున్నాయి, లేనివాళ్ళు కూడా నీళ్ళని చిలికి గాలి కలిపే ఆ చక్రాలని దారిలో చూస్తూనే బడికొస్తారు.

ఎ సెక్షన్‌లో ముందు బెంచీ అబ్బాయి వెంటనే, ‘ఆక్సిజన్ కోసమండి’ అన్నాడు. ‘వెరీ గుడ్!’ అన్నాను. అంతే, పది సెకన్లలో ప్రశ్న చచ్చిపోయింది. ఇంకెవరూ ఏమీ అనలేదు. అనడానికేముంది, తీర్పు అయిపోయింది కదా.

బి సెక్షన్‌కి వెళ్ళేలోపు బుద్ధొచ్చింది. అక్కడా ఒకమ్మాయి, ‘ఆక్సిజన్ కోసమండి’ అంది. నేను బోర్డు మీద ‘ఆక్సిజన్ కోసం’ అని రాసి, ఏ ముఖమూ పెట్టకుండా, ‘రాత్రే ఎందుకు?’ అన్నాను. కాసేపు ఏమీ లేదు. తరవాత,

‘రాత్రిపూట మేత ఎక్కువ తింటాయేమోనండి.’

‘రాత్రి కరెంటు బిల్లు తక్కువొస్తుందేమోనండి.’ అందరూ నవ్వారు. అది కూడా రాశాను. రాసేసరికి నవ్వు ఆగింది.

‘చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయి కదండీ. ఆ పచ్చదనం ఎండలో ఆక్సిజన్ ఇస్తుందండి. రాత్రి ఎండ ఉండదు.’

‘సరే. రాత్రి కొత్తగా తయారవదు. పగలు తయారైంది నీళ్ళల్లో ఉంటుందిగా, అది చాలదా?’

‘రొయ్యలు పీల్చేస్తాయి కదండీ.’

‘పగలూ పీలుస్తాయిగా?’

ఇక్కడ చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా సీసాలో నీళ్ళు అయిపోయాయి. అప్పుడు గోడ పక్కన కూర్చునే అమ్మాయి, ఆ ఏడాది అప్పటిదాకా నా క్లాసులో నోరు తెరవని అమ్మాయి, ‘ఆ పచ్చదనం కూడా పీల్చుకుంటుందేమోనండి, రాత్రి’ అంది.

మొక్కలు రాత్రీ పగలూ శ్వాసిస్తాయి అనే వాక్యాన్ని నేను ఏళ్ళ తరబడి నోట్సు చెప్పి రాయించాను. అది ఎవరైనా తమంతట తాము కనిపెట్టగా వినడం అదే మొదటిసారి. వెంటనే ఇంకొకడు, ‘అందుకేనండి మా నాన్న తెల్లారగట్ల నాలుగింటికి చెరువు కాడికెళ్ళేది’ అన్నాడు. రాత్రంతా వాడకమే తప్ప తయారీ లేదు కాబట్టి నీళ్ళల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే. రైతుకి తెలుసు, పిల్లవాడికి తెలుసు. పాఠానికీ దానికీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ వాడికి చెప్పలేదు.

రెండు సెక్షన్లకీ ప్రశ్న ఒకటే, మొదటి జవాబూ ఒకటే. తేడా నా ‘వెరీ గుడ్’ దగ్గర వచ్చింది. మెచ్చుకోవద్దని అనడం లేదు, వెంటనే మెచ్చుకోవద్దంటున్నాను. పీరియడు చివర, ‘ఇందాక నువ్వన్న మాటతో కథ మలుపు తిరిగింది’ అని ఆ అమ్మాయితో అంటే అది ‘గుడ్’ కంటే పదిరెట్లు పనిచేస్తుంది.

జవాబు రాగానే నాలుక చివర సిద్ధంగా ఉంచుకోవలసిన మాటలు ఇవి. మొదట్లో అట్ట మీద రాసి టేబుల్ మీద పెట్టుకున్నాను.

- ఎలా తెలిసింది?
- ఇంకాస్త చెప్పు.
- వాడేమన్నాడో నీ మాటల్లో చెప్పు.
- దీనికి ఒప్పుకోనివాళ్ళు ఎవరు?
- ఇది ఎక్కడ తప్పవుతుంది?

‘ఎలా తెలిసింది?’ విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. చాలాకాలం ఆ మాట తప్పు జవాబులకే అడిగేవాణ్ణి. పిల్లలు కనిపెట్టేశారు. ఒకసారి సరైన జవాబు చెప్పిన అబ్బాయిని ‘ఎలా తెలిసింది?’ అంటే వెంటనే, ‘కాదండీ, కాదండీ, రెండోది’ అని మార్చేశాడు. ఒప్పుకీ తప్పుకీ సమానంగా అడగాలి. ఒప్పుకే కాస్త ఎక్కువ అడిగినా నష్టం లేదు.

‘ఎక్కడ తప్పవుతుంది?’ అన్నది పెద్దపిల్లలకి బాగా పట్టుబడుతుంది. ఒకసారి కొబ్బరి గురించి: కొమ్మలుండవు, కాండం వంగుతుంది, పీచు వేళ్ళు మట్టిని గుత్తంగా పట్టుకుంటాయి, అందుకే గాలివానకి కొబ్బరి చెట్టు పడదు అని తేల్చారు. ‘ఇది ఎక్కడ తప్పవుతుంది?’ అన్నాను. ‘96 నవంబరు తుఫానుకి మా తాత తోట మొత్తం పడిపోయిందంటండి’ అన్నాడొకడు. ఆ తుఫానుకి కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. ‘పడదు’ అనే మాటని కొట్టేసి, ‘ఎంత గాలికి, ఎలాంటి నేలలో, ఎంత వయసు చెట్టు’ అని మూడు ప్రశ్నలు రాసుకున్నాం. మూడింటికీ ఆ రోజు జవాబు దొరకలేదు, దొరకాలని నేనూ పట్టుబట్టలేదు.

6. తప్పు జవాబు వస్తే

‘కాదు, నెక్స్ట్’ అనకండి. దిద్దడానికి తొందరపడకుండా, ఆ తప్పుని దాని చివరిదాకా నడిపించే ప్రశ్న వెతకండి. పిల్లలందరూ చెప్పే తప్పు ఒకటుంది: చలికాలంలో భూమి సూర్యుడికి దూరంగా జరుగుతుంది, అందుకే చలి. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. ఈ సంగతి చెప్పేస్తే నోట్సులో రాసుకుంటారు, నమ్మరు. దాని బదులు, ‘జనవరిలో ఆస్ట్రేలియాలో మ్యాచ్ జరుగుతుంటే టీవీలో జనం ఎలా కనిపిస్తారు?’ అని అడిగాను. టోపీలు, చలవ కళ్ళద్దాలు, చెమటలు. ‘భూమి మొత్తం దూరంగా జరిగితే వాళ్ళకి ఎండ ఎక్కడిది?’ ఇక వాళ్ళే తంటాలు పడ్డారు.

7. అందరి జవాబూ ఒక్కసారే చూడాలంటే పలకలు

పాఠం మధ్యలో ముందుకి వెళ్ళాలా, వెనక్కి తిరగాలా తేల్చుకోవడానికి ఒక ప్రశ్న కావాలి. ఇక్కడ మటుకు మూడు ఆప్షన్ల ప్రశ్నే మంచిది, ఒక్కో తప్పు ఒక్కో అపోహని బయటపెట్టేలా ఉండాలి. నాకు నచ్చినది ఇది:

ఎర్రనీళ్ళ (గోదావరి వరద నీళ్ళ) రోజుల్లో సఖినేటిపల్లి రేవులో బయల్దేరిన పడవ అంతర్వేది దాటి సముద్రంలోకి వెళ్ళింది. పడవలో బరువు మారలేదు. అది 1) ఇంకాస్త మునుగుతుంది 2) కాస్త పైకి తేలుతుంది 3) తేడా ఉండదు.

ప్రైమరీ బడి నుంచి తెచ్చిన పాత పలకల మీద అంకె రాసి, నేను ‘ఊ’ అనగానే అందరూ ఒక్కసారి ఎత్తాలి. 1 అన్నవాళ్ళు సముద్రం నీరు బరువు కాబట్టి పడవా బరువవుతుంది అనుకుంటున్నారు. 3 అన్నవాళ్ళు తొలగే నీటి బరువునీ పరిమాణాన్నీ ఒకటిగా చూస్తున్నారు. లీటరు మంచినీళ్ళు కిలో, లీటరు సముద్రపు నీళ్ళు సుమారు 1.025 కిలోలు. అదే బరువు తొలగించడానికి తక్కువ నీరు చాలు, కాబట్టి పడవ కాస్త పైకి తేలుతుంది. ఎవరిది ఒప్పో చెప్పకుండా, 2 అన్నవాణ్ణీ 3 అన్నవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి రెండు నిమిషాలు వదిలి, మళ్ళీ పలకలు ఎత్తించండి. ‘ఎర్రనీళ్ళ రోజుల్లో’ అని ఎందుకు చేర్చానంటే, మొదటిసారి అడిగినప్పుడు రేవు పిల్లవాడొకడు, పోటు సమయంలో రేవులోనూ ఉప్పు నీళ్ళేనండి అని నా ప్రశ్నకే చిల్లు పెట్టాడు.

8. ఏ భాషలో ఆలోచించాలి

ఇంగ్లీషు మీడియం పెట్టాక మంచి ప్రశ్నకి కూడా మౌనమే వస్తోందని చాలామంది టీచర్లు అంటారు. అది ఆలోచన లేని మౌనం కాదు, మాట దొరకని మౌనం. ప్రశ్న రెండు భాషల్లోనూ బోర్డు మీద రాయండి, జంటల్లో తెలుగులోనే, వాళ్ళ యాసలోనే, మాట్లాడుకోనివ్వండి. చివర అందరూ కలిసి ఒక్క ఇంగ్లీషు వాక్యం తయారు చేసి రాసుకుంటే చాలు. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు అని పుస్తకమే రెండు భాషల్లో ఉన్నప్పుడు మన నోరు ఒక్క దాంట్లోనే ఎందుకు ఉండాలి?

9. వాళ్ళ ప్రశ్నలు

తరగతిలో ఒక డబ్బా పెట్టండి, పేరు రాయకుండా ప్రశ్న వేయొచ్చు. శనివారం ఒకటి తీయండి. మా డబ్బాలో పడ్డవాటిలో కొన్ని: ఎండాకాలంలో కాలవలు ఎందుకు కట్టేస్తారు? చేప నిద్రపోతుందా? కొబ్బరి బొండంలోకి నీళ్ళు ఎలా ఎక్కాయి? మీకు జవాబు తెలియకపోతే తెలియదనండి, ఎక్కడ వెతకాలో కలిసి ఆలోచించండి. మొదటి రెండు వారాలు డబ్బాలో చాక్లెట్ కాగితాలే పడతాయి, నిరుత్సాహపడకండి.

సిలబస్ మాటేమిటి?

ఇది చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే ప్రతి మీటింగులోనూ వచ్చే ప్రశ్న, న్యాయమైనదే. ఏరేటర్ల చర్చకి నాకు 18 నిమిషాలు పట్టింది. ఆ పీరియడులో నోట్సు చెప్పలేదు. కానీ శ్వాసక్రియ పాఠం వచ్చినప్పుడు సగం పని అయిపోయి ఉంది. అన్ని పాఠాలకీ ఇలా కుదరదు. నిర్వచనాలు, గుర్తులు, ప్రమాణాలు లాంటివి చెప్పి, రాయించి, అప్పజెప్పించుకుని ముందుకెళ్ళండి. లోతు ఉన్నచోట ఆగడానికి సమయం అక్కడే మిగులుతుంది. పరీక్షల వారంలో నేనూ ఇవేవీ చేయను.

మొదటి నెల ఎలా

అన్నీ ఒకేసారి మొదలుపెడితే పదో రోజుకి అన్నీ ఆగిపోతాయి. మొదటి వారం రికార్డింగు, ‘అర్థమైందా?’ మానడం. రెండో వారం రోజుకి ఒక్క క్లాసులో ఒక్క ప్రశ్న, మూడు సెకన్ల మౌనం. మూడో వారం ‘వెరీ గుడ్’ వాయిదా వేయడం, అన్నింటికంటే చేతకానిది ఇదే, ఇప్పటికీ నా నోట జారుతుంది. నాలుగో వారం పుల్లలో పలకలో ఏదో ఒకటి. నెల తిరిగాక మళ్ళీ రికార్డు చేసి, ఈసారి ప్రశ్నలు కాదు, పిల్లల జవాబుల్లో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. ఒక పిల్లవాడు మిమ్మల్ని దాటి ఇంకో పిల్లవాడికి జవాబిచ్చిన చోటు ఒక్కటైనా ఉంటే దాని పక్కన టిక్కు పెట్టుకోండి.

ఐస్ పుల్లలు కొనక్కర్లేదు. మార్చి నెలలో బడి గేటు దగ్గర ఐస్ బండి ఆగితే రెండు రోజుల్లో పిల్లలే నలభై తెచ్చిస్తారు. సబ్బుతో కడిగి, ఎండబెట్టి, అప్పుడు పేర్లు రాయండి, లేదంటే డబ్బాకి చీమలు పడతాయి.